లేజరా, స్టేప్లరా, కత్తా? మొలల ఆపరేషన్‌కి సరే అనే ముందు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దిగి చైతన్యపురి వైపు నడుస్తూ ఒక్కసారి తలెత్తి బోర్డులు చూడండి. బ్యాంకు కోచింగ్, గ్రూప్స్ కోచింగ్, సాఫ్ట్‌వేర్ కోర్సులు, చీరల షాపులు, వాటి మధ్యలో పైల్స్, ఫిషర్, ఫిస్టులా. "నొప్పి లేదు, కోత లేదు, అదే రోజు ఇంటికి." అలాంటి బోర్డులు ఈ రోడ్డుకి కొత్త కాదు. మీ కంటికి ఆనడం మాత్రం ఈ మధ్యే మొదలైంది, అవునా?

అయితే ఈ అధ్యాయం మీకే. మొలలు బయటికొచ్చి, బాత్రూంలో వేలితో లోపలికి నెట్టుకుని, ఏమీ జరగనట్టు బయటికొచ్చి టిఫిన్ చేస్తున్నవాళ్ళకి. ఇంట్లోవాళ్ళు "వేడి చేసి ఉంటుంది, కోడికూర మానెయ్" అంటారు. మానేశారు కూడా. మజ్జిగ తాగారు, కందగడ్డ కూర తిన్నారు, మెడికల్ షాపులో ట్యూబు కొని రాశారు. కోడికూర మానేస్తే జారిన మొల లోపలికి పోదు. ఇప్పుడు ఆపరేషన్ మాట వచ్చింది. ఒకాయన లేజర్ అన్నాడు, ఇంకొకాయన స్టేప్లర్ అన్నాడు, మూడో ఆయన "కోసి తీసేయడమే మేలు" అన్నాడు. ముగ్గురూ డాక్టర్లే. ఎవరి మాట వినాలి?

మీరు పట్టుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే. ఈ పద్ధతిలో ఏం తీసేస్తున్నారు, ఏం ఉంచేస్తున్నారు? మొలని కోసి తీసేస్తే నొప్పి ఎక్కువ, తిరిగి రావడం తక్కువ. ఉంచి కుదిస్తే నొప్పి తక్కువ, తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. ఎంత ఖరీదైన మెషిన్ వచ్చినా ఈ బేరం ఇప్పటిదాకా పూర్తిగా మారలేదు. మిగతాదంతా ఈ బేరంలో మీకేది సరిపోతుందో చూసుకోవడమే.

1. ముందు మీ గ్రేడ్ తెలుసుకోండి

ఒకటో గ్రేడ్‌లో రక్తం పడుతుంది, బయటికి ఏమీ రాదు. రెండులో ముక్కినప్పుడు బయటికొచ్చి, లేవగానే వాటంతటవే లోపలికి పోతాయి. మూడులో మీరు నెడితేనే పోతాయి. నాలుగులో నెట్టినా పోవు. మొదటి రెండింటికి చాలాసార్లు పీచు, ఇసబ్‌గోల్, మొల మొదట్లో వేసే రబ్బరు బ్యాండు సరిపోతాయి. ఆపరేషన్ చర్చ సాధారణంగా మూడు, నాలుగు గ్రేడ్‌ల గురించే. రెండో గ్రేడ్‌కే ఎవరైనా నేరుగా థియేటర్‌కి పిలిస్తే, "బ్యాండు వేస్తే సరిపోదా సార్?" అని అడగండి.

రిపోర్టు చదవడంలో ఒక తికమక ఉంది. "3, 7, 11" అని రాసుంటే చాలామంది హడలిపోతారు, పదకొండు మొలలా అని! కాదు. మిమ్మల్ని వెల్లకిలా పడుకోబెట్టి చూసినప్పుడు గడియారంలో ఏ అంకె దగ్గర మొల ఉందో చెప్పే లెక్క అది. మామూలుగా ఆ మూడు చోట్లే ఉబ్బుతాయి. ఇంకో సంగతి, ఇవి కొత్తగా పుట్టిన కండలు కావు. రక్తనాళాలతో నిండిన ఆ మెత్తటి పొరలు అందరికీ పుట్టుకతోనే ఉంటాయి, గాలి, నీళ్ళు జారిపోకుండా ద్వారాన్ని మూసి ఉంచడంలో సాయపడతాయి. అవి ఉబ్బి, పట్టు సడలి, కిందికి జారితేనే జబ్బు. అందుకే మంచి సర్జన్ "మొత్తం ఊడ్చేస్తా" అనడు.

మీది మూడో గ్రేడే అయి, రక్తం కొద్దిగానే పడుతూ ఉంటే, తొందరేం లేదు. హాస్టల్లో ఉంటూ గ్రూప్ 2కి చదువుతున్న కుర్రాడు పరీక్ష ఇరవై రోజులుందనగా ఆపరేషన్ చేయించుకోవాలా? అక్కర్లేదు. హిమోగ్లోబిన్ బాగుంటే, డాక్టర్‌కి చెప్పి, ఇసబ్‌గోల్ మీద ఆ మూడు వారాలు నెట్టుకొచ్చి, పరీక్ష అయ్యాక చేయించుకోవచ్చు. బయటికొచ్చిన మొల నల్లబడి, గట్టిపడి, భరించలేని నొప్పి వస్తే మాత్రం పరీక్ష సంగతి తర్వాత, ఆ రోజే సర్జన్‌కి చూపించుకోవాలి.

2. రక్తం పడితే మొలలే అని తీర్మానించకండి

అందరూ చేసే తప్పు ఇదే, ఖరీదైనదీ ఇదే. కొత్తపేటలో ఉండే అరవై ఏళ్ళ అత్తమ్మని ఊహించుకోండి. పదేళ్ళుగా మొలలు. ఈ మధ్య మెట్రో మెట్లు ఎక్కితే ఆయాసం. పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 7. కొడుకు అంటాడు, "మొలల వల్లే అమ్మా, లేజర్ చేయించేద్దాం." మొలల వల్లే కావచ్చు. పైన పేగులో గడ్డ వల్ల కూడా కావచ్చు. రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు.

వయసు నలభై అయిదు దాటినా, రక్తం మలంలో కలిసిపోయి వస్తున్నా, నల్లగా వస్తున్నా, విరేచనం అలవాటు ఈ మధ్యే మారినా, బరువు తగ్గుతున్నా, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చి ఉన్నా, ఆపరేషన్‌కి ముందు కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్ద పేగు లోపల చూడటం) సంగతి మీరే ఎత్తండి. కనీసం వేలితో, ప్రోక్టోస్కోపు అనే చిన్న గొట్టంతో చూడకుండా స్కాన్ కాగితం మీద నిర్ణయం చెప్పే చోటునుంచి లేచి వచ్చేయండి. సిగ్గుపడే ఆడవాళ్ళు లేడీ సర్జన్‌ని అడిగి వెళ్ళండి. సిగ్గు పేరు చెప్పి పరీక్షే చేయించుకోకుండా మందులు వాడటం మాత్రం వద్దు.

3. మెషిన్ పేరు అడక్కండి, పని అడగండి

కౌన్సెలింగ్ డెస్క్ దగ్గర సంభాషణ తరచూ ఇలా నడుస్తుంది.

"లేజర్ అయితే నొప్పే ఉండదు సార్. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోవచ్చు."

"మేడం, లేజర్‌తో మొలని కోసి తీసేస్తారా, లోపల వేడి పెట్టి కుదిస్తారా?"

"అది డాక్టర్ గారు చెప్తారు సార్."

"అయితే రేటు సంగతి కూడా డాక్టర్ గారితో మాట్లాడాకే చూద్దాం మేడం."

అంతే. ఈ ఒక్క ప్రశ్నకి జవాబు రాని చోట అడ్వాన్స్ కట్టకండి. ఇప్పుడు ఒక్కో పద్ధతిలో ఏం జరుగుతుందో చూద్దాం.

*కోసి తీయడం.* 1937లో లండన్ సెయింట్ మార్క్స్ ఆస్పత్రికి చెందిన మిల్లిగన్, మోర్గన్ రాసిపెట్టిన పద్ధతి. మొలని మొదలుదాకా విడదీసి, అక్కడి రక్తనాళాన్ని ముడేసి, కోసేస్తారు. గాయానికి కుట్లు వేయరు, దానంతట అదే మానాలి. 1959లో అమెరికాలో ఫెర్గూసన్ ఆ గాయాన్ని కుట్టేసే పద్ధతి చెప్పాడు. రెండిట్లోనూ మొల పోతుంది. రెండిట్లోనూ నొప్పి నిజం, దాన్ని దాచిపెట్టి లాభం లేదు. మొదటి వారం బాత్రూం అంటే భయం వేస్తుంది. కుట్టని గాయం పూర్తిగా మానడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. ఇందులో సర్జన్ నేర్పు ఎక్కడ తెలుస్తుందంటే, గాయానికీ గాయానికీ మధ్య మంచి చర్మాన్ని మిగల్చడంలో. అది మిగల్చకపోతే మానేటప్పుడు ద్వారం బిగుసుకుపోతుంది. ఇది పాత పద్ధతే. ఉస్మానియాలోనో గాంధీలోనో సర్జరీ చదివి వచ్చినవాళ్ళకి చేతికొచ్చిన పని. పాతది కాబట్టి చులకన చేయకండి. కొత్త పద్ధతి ఏదొచ్చినా దీనితోనే పోల్చి చూస్తున్నారు.

"లైగాష్యూర్", "హార్మోనిక్" అని విన్నారా? ఇవీ కోతే, కత్తి మారింది. రక్తనాళాన్ని వేడితో అతికిస్తూ కోస్తాయి. రక్తం తక్కువ పోతుంది, మొదటి రోజుల్లో నొప్పి కొంత తక్కువ. మొల మాత్రం పోతుంది. నాలుగో గ్రేడ్ వాళ్ళకి డబ్బు సర్దుబాటు అయితే నాకు నచ్చే దారి ఇది.

*స్టేప్లర్.* ఇటలీ సర్జన్ ఆంటోనియో లాంగో 1998లో ప్రచారంలోకి తెచ్చాడు. కింద జారుతున్న పరదాని పైన మడిచి కుడితే అంచు పైకి లేస్తుంది చూశారా, అలాంటిదే ఇది. మొలలకి పైన లోపలి పొరని ఉంగరంలా కత్తిరించి, అదే దెబ్బకి పిన్నులు కొట్టేస్తుంది ఆ గన్. మొలలు పైకి లాగబడతాయి, రక్తం తగ్గి కుంచించుకుంటాయి. వాటిని తీయరు. కోత పడేది నొప్పి తెలియని చోట కాబట్టి మొదటి వారం హాయిగా గడుస్తుంది. ఆ తర్వాత?

బ్రిటన్‌లో 777 మంది మీద స్టేప్లర్‌నీ, కోసి తీయడాన్నీ పోల్చి, రెండేళ్ళు వెంబడించి చూశారు. "ఈథోస్" అనే ఆ అధ్యయనం 2016లో లాన్సెట్‌లో వచ్చింది. మొదటి వారాల్లో స్టేప్లర్ వాళ్ళకి నొప్పి తక్కువే. రెండేళ్ళ లెక్క తీస్తే మాత్రం కోసి తీయించుకున్నవాళ్ళే మెరుగ్గా ఉన్నారు. మొలలు తిరిగి రావడం వాళ్ళలో తక్కువ, మొత్తం ఖర్చూ తక్కువ. పైగా స్టేప్లర్‌తో బయట వేలాడే చర్మం అలాగే ఉండిపోతుంది. కొందరికి ఉన్నట్టుండి "ఇప్పుడే వెళ్ళాలి" అనే తొందర పట్టుకుంటుంది. అరుదుగానే అయినా పొత్తికడుపు అడుగున తీవ్రమైన ఇన్ఫెక్షన్, ఆడవాళ్ళలో యోనిగోడ గన్‌లో చిక్కుకోవడం లాంటి పెద్ద ప్రమాదాలు నమోదయ్యాయి. అందుకని స్టేప్లర్ అంటే, ఎన్ని చేశారో సర్జన్‌ని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

*డాప్లర్.* 1995లో జపాన్‌లో మొరినాగా మొదలుపెట్టాడు. మొలకి రక్తం తెచ్చే ధమనిని చప్పుడుని బట్టి పట్టుకుని, ముడేస్తారు. జారిన పొరని కుట్టి పైకి ఎత్తుతారు. కోత లేదు. బ్రిటన్‌లోనే "హబుల్" అనే ఇంకో అధ్యయనంలో, రెండు, మూడు గ్రేడ్‌ల వాళ్ళలో, ఏడాది తిరిగేసరికి డాప్లర్ చేయించుకున్నవాళ్ళలో 30 శాతం మందికి, ఒకసారి బ్యాండు వేయించుకున్నవాళ్ళలో 49 శాతం మందికి బెడద తిరిగొచ్చింది. బ్యాండు మళ్ళీ వేయించుకోవచ్చు, చవక కూడా. డాప్లర్‌కి థియేటర్, మత్తు కావాలి. నాలుగో గ్రేడ్‌కి దీన్ని చూపించి ఆశపెడితే నేను నమ్మను.

*లేజర్.* మన బోర్డుల మీద రాజ్యం దీనిదే. సన్నని ఫైబర్‌ని మొల లోపలికి పంపి వేడితో కుదిస్తారు. నొప్పి నిజంగా తక్కువ. గాయం సూది మొనంత. మొల అదే రోజు మాయమవదు, వారాల మీద కుదించుకుంటుంది. మధ్యస్థంగా ఉన్న మూడో గ్రేడ్‌కి, ఎక్కువ సెలవు దొరకని మనిషికి, తిరిగొచ్చే అవకాశం కోతకంటే ఎక్కువని తెలిసి ఒప్పుకుంటే, తప్పేం లేదు. బయట పెద్ద కండ వేలాడుతున్న నాలుగో గ్రేడ్‌కి లేజర్ ఒక్కటే చాలదు. అప్పుడు కొందరు లోపల లేజర్ పెట్టి, బయటిది కోసి తీస్తారు. అది న్యాయమైన పద్ధతే, కానీ దాన్ని "కోత లేని లేజర్" అని అమ్మకూడదు కదా!

ఎల్‌బీ నగర్ చౌరస్తా నుంచి విజయవాడ బస్సు నడిపే డ్రైవర్‌ని తీసుకోండి. నాలుగో గ్రేడ్. మూడు రోజుల్లో డ్యూటీ ఎక్కొచ్చన్నారని లేజర్ చేయించుకున్నాడు. ఏడాది తిరక్కుండానే మళ్ళీ జారాయి, మళ్ళీ సెలవు, మళ్ళీ ఖర్చు. మొదటే మూడు నాలుగు వారాల సెలవు పెట్టి కోత చేయించుకుని ఉంటే లెక్క తేలికయ్యేది. మరి బాలింత? ఒంటరిగా షాపు నడుపుకునే మనిషి? వాళ్ళ లెక్క వేరు. అందుకే మీ పక్కింటాయనకి ఏది పడిందన్నది మీకు పనికిరాదు.

4. దారం కట్టే వైద్యం సంగతి

క్షారసూత్రం గురించి పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. సుశ్రుతుడు మొలలకి మందు, క్షారం, అగ్ని, శస్త్రం అని నాలుగు దారులు చెప్పాడు. జెముడుపాలు, ఉత్తరేణి క్షారం, పసుపు పట్టించిన దారాన్ని మొల మొదట్లో బిగిస్తే కొద్ది రోజుల్లో అది వాడి రాలిపోతుంది. ఇది ఉబుసుపోక చేసే పని కాదు, శిక్షణ కావాలి. ఆయుర్వేదంలో శల్యతంత్రం ఎం.ఎస్. చదివినవాళ్ళు కొన్ని శస్త్రచికిత్సలు చేయొచ్చని 2020లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది, మొలలు అందులో ఉన్నాయి. ఇటే వెళ్ళాలనుకుంటే ఎల్‌బీ నగర్–మియాపూర్ మెట్రో లైన్‌లోనే ఎర్రగడ్డ వైపు ప్రభుత్వ ఆయుర్వేద ఆస్పత్రి ఉంది, అక్కడ అడగండి. ఒక్క జాగ్రత్త. 1991లో ఐసీఎంఆర్ క్షారసూత్రాన్ని పరీక్షించి బాగుందన్నది భగందరానికి, అంటే ఫిస్టులాకి. ఆ కాగితం చూపించి మొలలకి కూడా అంతే రుజువుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

5. గోడ మీద ఫోన్ నంబర్‌కి చేయకండి

"ఒక్క ఇంజెక్షన్‌తో మొలలు మాయం." డిగ్రీ ఉండదు, ఊరి పేరు మాత్రం ఉంటుంది. చిన్న మొలలకి ఇంజెక్షన్ అనేది అసలైన వైద్యంలోనూ ఉంది, అందుకే ఇది నిజంలా వినిపిస్తుంది. ఏ మందో తెలియనిది, ఎక్కడ పడితే అక్కడ గుచ్చితే ఆ చోటు కుళ్ళి, మానాక దారి మూసుకుపోయి, మొల కంటే పెద్ద ఆపరేషన్ అవసరమైన కేసులు సర్జన్లందరికీ తెలుసు. బోర్డు మీద ఎం.ఎస్. జనరల్ సర్జరీ, లేదా సర్జికల్ గ్యాస్ట్రో, లేదా పైన చెప్పిన శల్యతంత్రం ఎం.ఎస్. ఉందా? రిజిస్ట్రేషన్ నంబర్ ఉందా? లేదంటే మీరు అక్కడ కూర్చోవాల్సిన పని లేదు.

6. సర్జన్ ఎదురుగా ఈ నాలుగు అడగండి

చిన్న చీటీ మీద రాసుకుని వెళ్ళండి, అక్కడికెళ్ళాక నోరు పెగలదు.

నాది ఏ గ్రేడ్, బయటి భాగం ఎంత? మీరు ఎన్ని పద్ధతులు చేస్తారు? (ఒకటే చేసేవాళ్ళకి ప్రతి రోగికీ అదే సరైనదనిపిస్తుంది.) నాకు ఇదే ఎందుకు? తిరిగొస్తే తర్వాత ఏం చేస్తారు?

మీ వైపు నుంచి చెప్పాల్సినవి కూడా ఉన్నాయి. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే చెప్పండి. మీ అంతట మీరు ఆపేయకండి. షుగర్, లివర్ జబ్బు, ఇదివరకటి కాన్పులో చిరుగులు, విరేచనం ఆపుకోలేకపోవడం ఉంటే దాచకండి. ఆఖరుది తెలిస్తే సర్జన్ పద్ధతే మార్చుకోవచ్చు.

7. డబ్బు మాట

"ప్యాకేజీ" అంటే ఏమేం కలిపారో కాగితం మీద రాయించుకోండి. స్టేప్లర్ గన్, లేజర్ ఫైబర్, మత్తు డాక్టర్, బయాప్సీ బయట పెట్టి, బిల్లు రోజు చూపించడం మామూలే. ఇన్సూరెన్స్ ఉందా? చాలా పాలసీల్లో మొలలకి రెండేళ్ళ వెయిటింగ్ ఉంటుంది, ముందే ఆ పేజీ చదవండి. ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబర్‌లో 10 లక్షలకి పెంచారు. మీ ఆపరేషన్ దాని కిందికి వస్తుందో లేదో నెట్‌వర్క్ ఆస్పత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రని అడగండి. వనస్థలిపురం ఏరియా ఆస్పత్రి దగ్గరే ఉండగా అప్పు చేసి మెషిన్ కొన్నట్టు చికిత్స కొనక్కర్లేదు.

8. ఇంటికొచ్చాక

మొదటి రాత్రి నొప్పి కంటే మూత్రం ఇబ్బంది పెడుతుంది. నడుముకి మత్తు ఇచ్చినవాళ్ళకి, ముఖ్యంగా పెద్ద వయసు మగవాళ్ళకి, మూత్రం బిగుసుకోవడం మామూలే. గంటల తరబడి ఓర్చుకోకుండా నర్సుకి చెప్పండి.

రెండో రోజో మూడో రోజో మొదటి విరేచనం. భయంతో ఆపుకుంటే మలం గట్టిపడి నాలుగో రోజు నరకం చూపిస్తుంది. ఇసబ్‌గోల్, లాక్టులోజ్ సిరప్ ఆపరేషన్ రోజు నుంచే మొదలవ్వాలి. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు మలాన్ని బిగిస్తాయి కాబట్టి వాటిని ఎన్నాళ్ళు వాడాలో అడగండి. మెట్రోనిడజోల్ మాత్ర కోత తర్వాత నొప్పిని కొంత తగ్గిస్తుందని తేలింది, మీకు పడుతుందో లేదో డాక్టర్ చెప్తారు. రోజుకి రెండు మూడుసార్లు ప్లాస్టిక్ టబ్బులో గోరువెచ్చటి నీళ్ళు పోసి పది పదిహేను నిమిషాలు కూర్చోండి. డెటాల్ వద్దు. బాత్రూంలోకి ఫోన్ తీసుకెళ్ళే అలవాటుంటే, ఆపరేషన్ రోజే దానికి స్వస్తి.

ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా ఒక గండం ఉంది. నొప్పి తగ్గింది కదా అని జనం సరిగ్గా అప్పుడే ఊరికి బస్సెక్కుతారు. లోపలి ముడి ఊడి రక్తం ధారగా వచ్చేది కూడా అప్పుడే. చుక్కలు పడితే కంగారు లేదు. గడ్డలు గడ్డలుగా పడినా, కళ్ళు తిరిగినా 108కి ఫోన్ చేయండి. ఆ రెండో వారంలో సూర్యాపేట పెళ్ళికి మీరు వెళ్ళకపోయినా పెళ్ళి జరుగుతుంది. జ్వరం వచ్చి, నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతూ, మూత్రం కూడా రాకపోతే అది ఇన్ఫెక్షన్ సూచన. ముఖ్యంగా స్టేప్లర్, బ్యాండు తర్వాత. తెల్లారేదాకా ఆగకండి.

మూడు నాలుగు వారాలకి చెకప్ ఉంటుంది. బాగానే ఉన్నాం కదా అని ఎగ్గొడతారు. దారి బిగుసుకుంటోందేమో సర్జన్ వేలితో చూసేది అప్పుడే, మొదట్లోనే తెలిస్తే చిన్న చికిత్సతో పోతుంది. అదే రోజు బయాప్సీ రిపోర్టు కూడా అడిగి తీసుకోండి. కోసి తీసిన ముక్కని, స్టేప్లర్ ఉంగరాన్ని పరీక్షకి పంపొచ్చు. లేజర్‌లో, డాప్లర్‌లో పంపడానికి ముక్కే ఉండదు. కాబట్టి ఆ రెండిట్లో ఏదో ఒకటి ఎంచుకున్నవాళ్ళు, కొలనోస్కోపీ అవసరమా కాదా అన్నది థియేటర్‌లోకి వెళ్ళకముందే తేల్చుకోండి.